బ్రౌన్ దొర బంగళాలో ఒక్కో పద్యం, ఒక్కో మాట

ఏదైనా తెలుగు మాటకి అర్థం తెలియక నెట్‌లో వెతికితే, వచ్చేవాటిలో ఎక్కడో ఒకచోట బ్రౌన్ నిఘంటువు అని కనిపిస్తుంది. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాలాంటివాళ్లకి అది పెద్ద దిక్కు. తెలుగు మాటకి తెలుగులో అర్థం చెబితే మళ్లీ ఇంకో మాట వెతుక్కోవాలి, ఇందులో అయితే అర్థం ఇంగ్లీషులో ఉంటుంది. చాలా రోజులు బ్రౌన్ అంటే ఏదో పుస్తకాల కంపెనీ అనుకున్నాను. మనిషి అని తెలిశాక ఆయన గురించి చదవడం మొదలుపెట్టాను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబర్ 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతబోధకుడు, చాలా భాషలు తెలిసినవాడు. కొడుక్కి కూడా చిన్నప్పుడే ఆ భాషలు నేర్పించాడు. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది. బ్రౌన్ అక్కడ హెయిలీబరీ కాలేజీలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగానికి కావలసిన చదువు పూర్తి చేసి 1817లో మద్రాసులో దిగారు. అప్పటికి ఆయనకి పద్దెనిమిదేళ్లు, అంటే మన ఫస్టియర్ వయసు. తెలుగు ఒక్క ముక్క రాదు. మద్రాసులో వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర ఓనమాలతో మొదలుపెట్టారు.

1820లో కడపలో ఉద్యోగం వచ్చింది. జనంతో వాళ్ల భాషలోనే వ్యవహారం నడపాలని గవర్నర్ మన్రో గట్టిగా చెబుతున్న కాలం అది. కాబట్టి బ్రౌన్‌కి తెలుగు మొదట కచేరీ అవసరమే. కడప తర్వాత మచిలీపట్నం, రాజమండ్రి తిరిగారు. 1824లో దుబాయ్ అనే ఫ్రెంచి మతగురువు రాసిన పుస్తకంలో వేమన పేరు కనిపించింది. అప్పటికి పండితులు వేమనని కవుల లెక్కలో వేసుకునేవాళ్లు కాదు. పల్లెల్లో మాత్రం ఆయన పద్యాలు జనం నోళ్లలో ఉన్నాయి. ఒక తెలుగు కవి గురించి ఫ్రెంచి ఆయన రాస్తే, చదివి ఇంగ్లీషాయన వెతకడానికి బయలుదేరాడన్నమాట.

వెతకడం మొదలుపెట్టాక అసలు చిక్కు తెలిసింది. వేమన పుస్తకం అని ఒకటి లేదు. ఉన్నవన్నీ రాతప్రతులు, ఏ రెండూ ఒకలా లేవు. ఒకదాంట్లో ఉన్న పద్యం ఇంకోదాంట్లో లేదు, రెండింట్లో ఉన్నా మాటలు వేరు. ఇది ఎందుకొస్తుందంటే, తాటాకు మీద గంటంతో రాసేటప్పుడు మాటకీ మాటకీ మధ్య ఖాళీ వదలరు. అక్షరాలన్నీ వరసగా ఉంటాయి. ఎక్కడ విరవాలో చదివేవాడే తెలుసుకోవాలి. ప, వ, ష లాంటి అక్షరాలు తేలిగ్గా తారుమారవుతాయి. నకలు రాసే లేఖకుడికి ఒక మాట అర్థం కాకపోతే తనకి తెలిసిన మాట ఒకటి పెట్టేస్తాడు. ఆ నకలు చూసి రాసేవాడికి అదే అసలు. పైగా వేమన మకుటం తగిలించి ఎవరైనా పద్యం కట్టొచ్చు, కట్టారు కూడా. అంటే ఎప్పుడు, ఎవరు, ఏం మార్చారో ఎక్కడా రాసిపెట్టకుండా వందేళ్లకి పైగా చాలామంది కలిసి ఎడిట్ చేస్తూ వచ్చిన ఫైల్ అది.

బ్రౌన్ మళ్లీ కడప వచ్చి అక్కడ ఒక బంగళా కొన్నారు. అందులో పండితుల్ని, లేఖకుల్ని పెట్టుకుని సొంత డబ్బుతో జీతాలిచ్చారు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవాళ్లు. అక్కడ పాఠాలేం చెప్పలేదు. ఒక కావ్యానికి ఎన్ని ప్రతులు దొరికితే అన్నీ తెప్పించేవాళ్లు. వాటిని పక్కపక్కన పెట్టి పద్యం పద్యం పోల్చి, ఎక్కడెక్కడ తేడా ఉందో గుర్తుపెట్టేవాళ్లు. ఆ తేడాలని పాఠాంతరాలు అంటారు. ఏ పాఠం నిలబడుతుందో పండితులు చర్చించాక శుద్ధప్రతి రాసేవాళ్లు. గిట్ వాడినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకే లైన్‌ని ఇద్దరు రెండు రకాలుగా మారిస్తే మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ వస్తుంది. తేడా ఎక్కడుందో మెషీన్ చూపిస్తుంది గానీ ఏది ఉంచాలో చెప్పదు. అది మనిషే కూర్చుని తేల్చాలి. కడపలో తేడా చూపించేదీ మనిషే, తేల్చేదీ మనిషే.

తేల్చడానికి పండితుల చేతిలో ఒక మంచి సాధనం ఉండేది. అది ఛందస్సు. వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలదులు. ఒకటి, మూడు పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు రావాలి. రెండు, నాలుగు పాదాల్లో ఐదూ సూర్య గణాలే. యతి కూడా కుదరాలి. ఎక్కడైనా అక్షరం జారిపోతే లెక్క తప్పుతుంది, పట్టుబడుతుంది. మనం నెట్‌వర్క్స్‌లో చదివే చెక్‌సమ్ లాంటిదే. కాకపోతే లెక్క సరిపోయినంత మాత్రాన పద్యం అసలుదని కాదు. ఛందస్సు బాగా తెలిసిన లేఖకుడు మాట మార్చినా గణాలు సరిగ్గానే కుదురుస్తాడు. అలాంటి చోట లెక్క పనికిరాదు, వేమన అలా అని ఉంటాడా అని ఆలోచించాల్సిందే. బ్రౌన్ కూడా ఛందస్సు పైపైన నేర్చుకుని ఊరుకోలేదు. వేమన కంటే ముందే, 1827లో, తెలుగు సంస్కృత ఛందస్సుల మీద పుస్తకం అచ్చువేశారు.

1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. మొత్తం 693. పదేళ్ల తర్వాత, 1839లో వేసిన పుస్తకంలో 1164 ఉన్నాయి. మొదటి పుస్తకంతో పని అయిపోయిందని ఆయన అనుకోలేదని ఈ రెండు అంకెలే చెబుతున్నాయి. అయితే ఏది వేమనది, ఏది కాదు అన్న నిర్ణయం చివరికి ఒక కంపెనీ అధికారి చేతిలో పడింది. ఆయన ఇష్టాయిష్టాలు అందులో కలవకుండా ఉండవు. తర్వాత వచ్చిన పరిశోధకులు ఆ లెక్కని మళ్లీ తిరగతోడారు, అది న్యాయమే. కానీ తిరగతోడటానికి ఒక ప్రతి చేతిలో ఉండటం ఆయన వల్లే.

మధ్యలో ఇంకో మాట మీద ఆయనకి దెబ్బ తగిలింది. 1832-33లో గుంటూరు ప్రాంతంలో ఘోరమైన కరువు వచ్చింది. డొక్కల కరువు అనీ, నందన కరువు అనీ జనం చెప్పుకున్నది అదే. అప్పుడు బ్రౌన్ గుంటూరులో ఉన్నారు. పైవాళ్లకి రాసేటప్పుడు ఆయన దాన్ని కరువు అనే రాశారు. ఆ మాట వాడినందుకు ప్రభుత్వం ఆయన్ని తప్పుపట్టింది. ఒప్పుకుంటే బాధ్యత మీద పడుతుంది కదా. పాత పద్యాల్లో సరైన మాట కోసం ప్రతులన్నీ తిరగేసే మనిషికి, కళ్లముందు జనం చచ్చిపోతుంటే సరైన మాట రాసినందుకు మందలింపు వచ్చింది. ఒక్క మాట ఎడిట్ చేయడం అంటే ఎంత ఉంటుందో నాకు ఇక్కడే అర్థమైంది.

1834లో ఉద్యోగం పోయింది. ఇంగ్లండ్ వెళ్లారు. అక్కడా ఊరికే కూర్చోలేదు. లండన్‌లో ఇండియా హౌస్ లైబ్రరీలో ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న దక్షిణాది రాతప్రతులు చూసి, వాటిని మద్రాసుకి తిరిగి పంపించే ఏర్పాటు చేయించారు. 1838లో ప్రభుత్వానికి పర్షియన్ అనువాదకుడిగా మద్రాసు తిరిగి వచ్చి పని అందుకున్నారు. 1840లో వ్యాకరణం, 1844లో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చాయి. కావ్యాల్లోని మాటలతో పాటు ఇళ్లలో, సంతల్లో జనం మాట్లాడే మాటలు కూడా ఆ నిఘంటువులోకి ఎక్కాయి. కచేరీల్లో వాడే పర్షియన్, హిందుస్తానీ, ఇంగ్లీషు మాటల కోసం 1854లో విడిగా మిశ్రభాషా నిఘంటువు వేశారు. తాతాచార్యులు అనే పండితుడు చెప్పిన కథల్ని కూడా మాట్లాడే తెలుగులోనే అచ్చువేయించారు.

ఈ పనికి జీతం చాలక అప్పులు చేశారు. పండితులతో ఎప్పుడూ సఖ్యంగా ఉన్నారనీ చెప్పలేం. వాళ్లు వ్యాకరణం పట్టుకుని వాడుక మాటని చిన్నచూపు చూస్తారని ఆయన విసుక్కునేవారు. కానీ వాళ్లు లేకపోతే ఆయనకి ఆ పుస్తకాలు లేవు. వసుచరిత్ర, మనుచరిత్రలకి వ్యాఖ్యానం రాసిన జూలూరి అప్పయ్య పేరు మనకి తెలుసు. రోజూ కూర్చుని పద్యం పద్యం నకలు దించిన లేఖకుల్లో చాలామంది పేర్లు ఈ రోజు ఎవరికీ తెలియవు. నిఘంటువు అట్ట మీద బ్రౌన్ పేరు ఒక్కటే ఉంది. నేను వెతికిన ప్రతిసారీ కనిపించేదీ అదొక్కటే.

మన పత్రిక ఏ సంచికైనా గూగుల్ డాక్స్‌లోనే తయారవుతుంది. ఒకరు రాసిన వాక్యాన్ని ఇంకొకరు మారుస్తారు, మూడో మనిషి కామెంట్ పెడతాడు, కాసేపు గొడవ పడతాం. తర్వాత ఎవరికైనా అనుమానం వస్తే వెర్షన్ హిస్టరీ తీస్తే చాలు. కామా పెట్టినవాడి పేరు కూడా ఉంటుంది. కడప బంగళాలో ఒక పద్యంలో సరైన మాట పట్టుకున్న మనిషికి అది కూడా దక్కలేదు.

బ్రౌన్ ఉద్యోగం వదిలి 1855లో లండన్ వెళ్లిపోయారు. తర్వాత లండన్ యూనివర్సిటీలో తెలుగు ఆచార్యుడిగా పనిచేశారు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబర్ 12న చనిపోయారు. ఆ తర్వాత చాలాకాలం ఇక్కడ ఆయన పేరు నిఘంటువు అట్టకే పరిమితమైంది. 1970లలో బంగోరె అనే బండి గోపాలరెడ్డి ఆయన ఉత్తరాలూ కాగితాలూ వెతికి తీసి అచ్చువేశారు. కడపలో పాడుపడిన బంగళా స్థలంలో జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి గ్రంథాలయం కట్టించారు. ఇప్పుడది సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. నడుపుతున్నది యోగి వేమన యూనివర్సిటీ.

ఆయన సేకరించిన రాతప్రతులు, రాయించిన శుద్ధప్రతులు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. మద్రాసు ట్రిప్ ఎప్పుడైనా కుదిరితే అక్కడికి వెళ్లాలని ఉంది. నాకు చూడాలని ఉన్నది బ్రౌన్ సంతకం కాదు. ఆ పేర్లు తెలియని లేఖకుల చేతిరాత.