ఓడిన యోధుడు - ఎమిలియో అగినాల్డో

వియత్నాం అనగానే హోచిమిన్ పేరు అందరి నోటా వస్తుంది. కాని ఆసియా గడ్డమీద అమెరికా సేనలు గెరిల్లా పోరాటాన్ని ముందుగా చవిచూసింది వియత్నాంలో కాదు, ఫిలిప్పీన్స్ దీవుల్లో. అదీ వియత్నాంకు అరవై ఏళ్ళకు పైగా ముందు. అక్కడ అమెరికా గెలిచింది. గెలిచింది కనుకనే లోకం ఆ యుద్ధాన్ని త్వరగా మరిచిపోయింది. ఆనాడు ఓడిన నాయకుడు ఎమిలియో అగినాల్డో. ఒకే అగ్రరాజ్యం ఒకచోట ఎందుకు నెగ్గిందో, మరోచోట ఎందుకు మట్టికరిచిందో అతని జీవితం చదివితే కొంతవరకు బోధపడుతుంది.

అగినాల్డో 1869 మార్చి 22న మనీలాకు దగ్గరలో కవీతే రాష్ట్రంలోని కావిట్‌లో కలిగిన కుటుంబంలో పుట్టాడు. తండ్రి ఊరి పెద్ద. చదువు మధ్యలోనే ఆగిపోయింది. 1895లో తానూ ఊరి పెత్తనం చేపట్టాడు. ఆ ఏడే కటిపునన్ అనే రహస్య సంఘంలో చేరాడు. అంటే పైకి స్పెయిన్ ప్రభుత్వపు అధికారి, లోపల తిరుగుబాటుదారు!

ఆ సంఘాన్ని స్థాపించినవాడు ఆంద్రెస్ బోనిఫాషియో. మనీలా గిడ్డంగుల్లో పనిచేసి బతికిన పేదవాడు. 1896 ఆగస్టులో తిరుగుబాటు మొదలైంది. మనీలా వైపు బోనిఫాషియో దెబ్బతింటుంటే, కవీతేలో అగినాల్డో వరసగా గెలిచాడు. 1897 మార్చి 22న జరిగిన సభలో అగినాల్డోను అధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. ఆ ఎన్నిక చెల్లదన్నాడు బోనిఫాషియో. అతన్ని పట్టుకుని విచారించి మరణశిక్ష వేశారు. అగినాల్డో మొదట శిక్ష తగ్గించాడు, తర్వాత తోటి సేనానుల ఒత్తిడికి లొంగి తన మాట తానే వెనక్కి తీసుకున్నాడు. మే 10న విప్లవ పితామహుణ్ణి విప్లవకారులే కాల్చి చంపారు. అగినాల్డో జీవితం మీద చెరగని మచ్చ అది.

ఆ ఏడాది డిసెంబరులో స్పెయిన్‌తో రాజీ కుదిరింది. అగినాల్డో హాంకాంగ్ వెళ్ళిపోయాడు. స్పెయిన్ ఇచ్చిన 4 లక్షల పెసోలను పంచుకు తినకుండా బ్యాంకులో వేశాడు. ఆ సొమ్మే తర్వాత తుపాకులైంది.

1898లో అమెరికా, స్పెయిన్‌ల మధ్య యుద్ధం వచ్చింది. మే 1న మనీలా అఖాతంలో స్పెయిన్ నౌకాదళాన్ని డ్యూయీ ముంచేశాడు. అదే నెలలో అగినాల్డోను అమెరికా ఓడమీదే స్వదేశానికి చేర్చారు. అతడు జూన్ 12న కావిట్‌లోని తన ఇంట్లో స్వాతంత్ర్యం ప్రకటించి జెండా ఎగరేశాడు. అమెరికా తమకు మిత్రుడని నమ్మాడు. కాని ఆగస్టులో మనీలా లొంగిపోయినప్పుడు ఫిలిపినో సేనలను నగరంలోకి అడుగు పెట్టనివ్వలేదు. డిసెంబరు 10న పారిస్‌లో స్పెయిన్ ఆ దీవులను 2 కోట్ల డాలర్లకు అమెరికాకు రాసిచ్చింది. ఆ బేరంలో ఫిలిపినోల మాట అడిగినవాడే లేడు.

1899 జనవరి 23న మలోలోస్‌లో రిపబ్లిక్ వెలిసింది. ఫిబ్రవరి 4 రాత్రి యుద్ధం మొదలైంది. అగినాల్డో చేసిన పెద్ద పొరపాటు ఇక్కడే కనిపిస్తుంది. కందకాలు తవ్వుకుని, తమకన్నా ఎన్నోరెట్లు ఆయుధబలం ఉన్న సైన్యంతో ఎదురెదురుగా తలపడ్డాడు. కొండల్లో స్థావరం కట్టుకుని పోరాడదామన్న జనరల్ అంటోనియో లూనాను జూన్ 5న అగినాల్డో సొంత అంగరక్షక దళం వాళ్ళే పొడిచి చంపారు. హంతకులకు శిక్ష పడలేదు. చివరికి నవంబరులో గెరిల్లా పద్ధతికి దిగేనాటికి మంచి సైన్యం సగం చితికిపోయింది. డిసెంబరు 2న తిరాద్ కనుమలో అరవైమంది మాత్రమే ఉన్న దళం, నాయకుడి వెనక దారిని కాపాడుతూ దాదాపుగా నేలకొరిగింది.

ఇక పోల్చి చూద్దాం. గెరిల్లాకు మూడు కావాలి: బయటినుంచి ఆయుధం, వెనక్కి తగ్గడానికి చోటు, తిండిపెట్టే పల్లె. ఫిలిప్పీన్స్ చుట్టూ సముద్రం, ఆ సముద్రం నిండా అమెరికా నౌకలు. ఒక్క దేశమూ తుపాకి పంపలేదు. వియత్నాం గెరిల్లాలకు చైనా, సోవియట్ సాయం ఉంది, లావోస్, కంబోడియాల అడవి దారులున్నాయి. 2001 నుంచి 2021 దాకా సాగిన అఫ్గాన్ యుద్ధంలో తాలిబాన్లకు పాకిస్తాన్ సరిహద్దు దొరికింది. అగినాల్డోకు వెనక ఏముంది? సముద్రమే.

పల్లెల సంగతి ఇంకా ముఖ్యం. బోనిఫాషియో పోయాక నాయకత్వం భూస్వాముల, చదువుకున్న పెద్దింటివాళ్ళ చేతిలో మిగిలింది. దున్నేవాడికి భూమి ఇస్తామని వాళ్ళు అనలేదు. వియత్నాంలో ఆ మాట అన్నారు, కనుకనే రైతు కదిలాడు. అమెరికావాళ్ళు ఈ లోపం పసిగట్టారు. పెద్దలకు పదవులు చూపారు, పల్లెల్లో బడులు తెరిచారు. లొంగనిచోట నిప్పు పెట్టారు. బటాంగాస్‌లో జనాన్ని హద్దు గీసిన శిబిరాల్లోకి తోలి, బయట ఉన్న ధాన్యం తగలబెట్టారు. క్యూబాలో స్పెయిన్ ఇదే పని చేసినప్పుడు అన్యాయమని గోల చేసింది అమెరికాయే! 1962లో దక్షిణ వియత్నాంలో 'వ్యూహాత్మక గ్రామాల' పేరుతో జనాన్ని కంచెల మధ్యకు చేర్చే పద్ధతే మళ్ళీ వచ్చింది. అక్కడ పారలేదు.

1900లో అమెరికా ఎన్నికల్లో మెకిన్లీ ఓడిపోతే యుద్ధం ఆగుతుందని అగినాల్డో ఆశపడ్డాడు. మార్క్ ట్వేన్ వంటి రచయితలు అక్కడ ఈ యుద్ధాన్ని ఎండగట్టారు కూడా. అయినా మెకిన్లీయే గెలిచాడు. వియత్నాం నాడు అమెరికా వీధులు అట్టుడికాయి. ఈ తేడా చిన్నది కాదు.

1901 మార్చి 23న ఈశాన్య తీరాన పలనాన్‌లో అగినాల్డో దొరికిపోయాడు. అదీ మోసంతో. దొరికిన ఉత్తరాల ఆధారంగా ఫన్‌స్టన్ అనే సేనాని దొంగ ఉత్తరాలు పుట్టించాడు. మకబేబే సిపాయిలు విప్లవ దళంగా వేషం కట్టారు. ఫన్‌స్టన్, అతని తోటి అధికారులు వాళ్ళ ఖైదీలుగా నటించారు. తన మనుషులే వస్తున్నారనుకుని అగినాల్డో స్వాగతం పలికాడు. ఏప్రిల్‌లో మనీలాలో విధేయతా ప్రమాణం చేసి, పోరాటం చాలించమని తన వాళ్ళను కోరాడు. మాల్వార్ మరో ఏడాది పోరాడాడు. 1902 జూలై 4న యుద్ధం ముగిసిందని అమెరికా ప్రకటించింది. అప్పటికి 4,200 మందికి పైగా అమెరికా సైనికులు, సుమారు 20,000 మంది ఫిలిపినో యోధులు పోయారు. ఆకలికి, కలరాకు, తూటాకు బలైన మామూలు జనం 2 లక్షలకు పైమాటేనని అంచనా.

తర్వాత అగినాల్డో మరో అరవై ఏళ్ళకు పైగా బతికాడు! స్వాతంత్ర్యం వచ్చేదాకా మెడలో నల్ల టై వదలనని దీక్ష పట్టాడు. 1935లో అధ్యక్ష పదవికి నిలబడి కెజోన్ చేతిలో ఓడాడు. 1942లో జపాన్ పక్షం చేరి, డగ్లస్ మెకార్థర్‌ను లొంగిపొమ్మని రేడియోలో పిలుపిచ్చాడు. 1901లో తాను లొంగింది ఆ మెకార్థర్ తండ్రికే! జపాన్ ఓడాక అరెస్టయ్యాడు, ఆపైన విడుదలయ్యాడు. 1946 జూలై 4న అమెరికా స్వాతంత్ర్యం ఇచ్చింది. 1962లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం స్వాతంత్ర్య దినాన్ని జూన్ 12కు మార్చింది. తను జెండా ఎగరేసిన రోజును దేశం పండుగ చేసుకోవడం ఆ 93 ఏళ్ళ ముసలాయన కళ్ళారా చూశాడు.

1964 ఫిబ్రవరి 6న అగినాల్డో కన్నుమూశాడు. దాదాపు ఆర్నెల్లకు, ఆగస్టు 7న, టోంకిన్ తీర్మానంతో అమెరికా కాంగ్రెస్ వియత్నాం యుద్ధానికి తలుపులు బార్లా తెరిచింది. ఫిలిప్పీన్స్ గెలుపు నుంచి వాళ్ళు నేర్చుకున్నది ఆయుధబలం చాలునని. నేర్చుకోవలసింది వేరు. ఆ రైతుకు భూమి మీద ఆశ, తుపాకికి తూటా, తలదాచుకోవడానికి చోటు ఉండి ఉంటే మొదటి వియత్నాం ఫిలిప్పీన్సే అయ్యేది.

అగినాల్డో మచ్చలేని మహాత్ముడేమీ కాడు. తోటి విప్లవకారుడి రక్తం అతని చేతికంటింది. శత్రువుకు ప్రమాణం చేశాడు, మరో శత్రువుతో చెయ్యి కలిపాడు. అయినా ఒక బానిస జాతికి జెండా చేతికిచ్చి, మీరూ ఒక దేశమేనని చెప్పినవాడు అతడే. స్వాతంత్ర్యం కోరే ప్రతి జాతీ అతని ధైర్యంతో పాటు అతని తప్పులనూ చదువుకోవాలి.