మా డ్రిల్లు సార్ చెప్పిన కోడి రామమూర్తి
మా డ్రిల్లు సార్ కోడి రామమూర్తి నాయుడు ముచ్చట ఎత్తని వారం లేదు. నాచారం నుంచి ఉప్పల్ బడికి నడిచొచ్చే మాకు ఏనుగు కథే కావాలి. సార్‌కేమో ఆయన కూడా డ్రిల్లు మాస్టారే కావడం గొప్ప.

1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పినతండ్రి దగ్గర పెరిగారు. మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, తాను చదివిన బడిలోనే పిల్లలకు వ్యాయామం నేర్పారు. సర్కస్ కంపెనీ ఆ తర్వాతి మాట. మనిషి శాకాహారి. సాధనలో ప్రాణాయామానిదే పెద్దపీట. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంచేవారు, రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకునేవారు. ఇంజినీరుగా చెబుతున్నా, ఆ బరువు కింద ఛాతీ కాస్త కుంగినా ప్రాణం దక్కదు.

చివర్లో కాలు తీసేయాల్సి వస్తే, మత్తుమందు వద్దని ప్రాణాయామంతోనే ఓర్చుకున్నారని చెబుతారు. 1942లో ఒరిస్సాలోని బలంగీర్‌లో కన్నుమూశారు.

నేనేమో కరాటే నేర్చుకుని, తన్నులూ గుద్దులే సాధన అనుకున్నాను. ఊపిరి పాఠం అంటే విసుగు. యాభై దాటాక మోకాలు మొరాయించింది. బ్లాక్ బెల్టు బీరువాలో ఉంది. ఇప్పుడు తెల్లవారుజామున చేసేది ఆ ఊపిరి సాధన ఒక్కటే. చెబుదామంటే సార్ లేరు.