సమ్మక్క

సమ్మక్క కోయ గిరిజనుల ఆరాధ్య దేవత, కాకతీయుల కాలంలో కప్పం చెల్లింపు విషయమై జరిగిన యుద్ధంలో పోరాడి మరణించిన వీరవనితగా ప్రసిద్ధురాలు. ఆమె పేరు కుమార్తె సారలమ్మ (సారక్క) పేరుతో కలిపి సమ్మక్క-సారక్క అని జంటగా వినిపిస్తుంది. ఆమె గద్దె ఉన్న మేడారం గ్రామం 2016 వరకు వరంగల్ జిల్లాలోనూ, ఆ తరువాత జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనూ ఉండి, 2019 ఫిబ్రవరి 17 నుండి ములుగు జిల్లాలో ఉంది. మండలం పేరే సమ్మక్క సారక్క తాడ్వాయి. బెల్లాన్ని బంగారమని పిలవడం, ఒక వాగుకు మనిషి పేరు రావడం, తెలంగాణ పల్లెల్లో ఇంటికొక సమ్మయ్య, సారయ్య కనిపించడం వంటి అనేక నిత్యజీవిత విశేషాల మూలాలు ఈమె కథలో ఉన్నాయి.

సమ్మక్క జీవితానికి లిఖిత ఆధారాలు లేవు. ఆమె పేరుతో శాసనం గాని, సమకాలీన గ్రంథం గాని లభించలేదు. కోయల మౌఖిక గాథలు, పడిగెలు అనే వంశపు జెండాలపై గీసిన బొమ్మలు, డోలి కళాకారులు పాడే కథలే ఈ జీవితచరిత్రకు ఆధారం. కనుక క్రింది వివరాలలో చాలా భాగాన్ని జనశ్రుతిగానే గ్రహించాలి.

జననము, బాల్యము

ఎక్కువ ప్రచారంలో ఉన్న కథ ప్రకారం పొలవాసను పాలించే మేడరాజు అనే గిరిజన దొర వేటకు వెళ్ళినప్పుడు అడవిలో పులుల మధ్య ఆడుకుంటున్న పసిపాప కనిపించింది. పులులు పాపకు ఏ హానీ చేయకపోవడం చూసి ఆశ్చర్యపడిన దొర ఆమెను గూడేనికి తెచ్చి, సమ్మక్క అని పేరుపెట్టి పెంచుకున్నాడు. ఆమె చేయి తాకితే రోగాలు నయమయ్యేవని, ఇచ్చిన ఆకుపసరు వృథా పోయేది కాదని చెప్పుకొంటారు. నేటి పటాలలో సమ్మక్క పులిపై కూర్చొని కనిపించడం ఈ కథను గుర్తుకు తెస్తుంది. కోయలలోని కొన్ని కథనాలు మాత్రం ఆమెను దొరికిన బిడ్డగా కాక తమ చందా వంశపు ఆడపడుచుగానే చెబుతాయి. దొరికిన బిడ్డా, వంశపు బిడ్డా అన్నది బయటివారికి చిన్న తేడాగా తోచవచ్చు. గోత్రాన్ని బట్టి పూజారి హక్కు నిర్ణయమయ్యే సమాజంలో అది చాలా పెద్ద విషయం.

వివాహము, సంతానము

మేడరాజు ఆమెను తన మేనల్లుడు, మేడారం పాలకుడు అయిన పగిడిద్దరాజుకు ఇచ్చి వివాహం చేశాడు. వీరికి సారలమ్మ, నాగులమ్మ, జంపన్న అనే ముగ్గురు సంతానం. సారలమ్మ భర్త గోవిందరాజు. జాతరలో ఈ బంధుత్వాలు ఇప్పటికీ పాటింపబడుతున్నాయి. పగిడిద్దరాజును పూనుగొండ్ల నుండి పెనక వంశీయులు, గోవిందరాజును కొండాయి నుండి దబ్బగట్ల వంశీయులు, సారలమ్మను కన్నెపల్లి నుండి కాక వంశీయులు మేడారానికి తీసుకొని వస్తారు. సమ్మక్క పూజారులు సిద్దబోయిన వంశీయులు. అంటే ఏడాది పొడవునా వేర్వేరు ఊళ్ళలో ఉండే కుటుంబం జాతర రోజులలో ఒకచోట కలుస్తుందన్నమాట.

కప్పము, యుద్ధము

పగిడిద్దరాజు కాకతీయులకు సామంతుడు. వరుసగా కరువు వచ్చి పంటలు పండక ప్రజలు తిండికే అల్లాడుతున్న సమయంలో అతడు కప్పం కట్టలేకపోయాడు. అదే కాలంలో కాకతీయుల దాడికి తట్టుకోలేక పొలవాస విడిచివచ్చిన మేడరాజుకు మేడారంలో ఆశ్రయం ఇచ్చాడు. కప్పం ఎగవేత, శత్రువుకు ఆశ్రయం అనే రెండు కారణాలపై ప్రతాపరుద్రుడు మంత్రి యుగంధరునితో సైన్యాన్ని పంపాడని కథ. మాఘ శుద్ధ పౌర్ణమి నాడు సంపెంగ వాగు ఒడ్డున యుద్ధం జరిగింది. విల్లంబులు, బల్లేలతో పోరాడిన కోయలు సుశిక్షితమైన సేన ముందు నిలువలేకపోయారు. మేడరాజు, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు యుద్ధభూమిలో మరణించారు.

ఓటమి వార్త విన్న జంపన్న శత్రువుకు చిక్కడం ఇష్టంలేక సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిచాడు. అప్పటినుండి అది జంపన్న వాగు అయింది. పాత పేరు సంపెంగ ఇప్పుడు కథలో తప్ప వాడుకలో లేదు. వాగు నీరు ఎర్రగా కనిపించడానికి జంపన్న రక్తమే కారణమని భక్తులు నమ్ముతారు, అక్కడి నేల స్వభావమే కారణమని ఇతరులు చెబుతారు. జాతరకు వచ్చేవారు గద్దెలను దర్శించే ముందు ఈ వాగులో స్నానం చేయడం ఆచారం. జాతర సమయంలో వాగులో నీరు చాలకపోతే లక్నవరం చెరువు నుండి విడుదల చేస్తారు. లక్నవరం కాకతీయులు త్రవ్వించిన చెరువు. కాకతీయ సేనతో పోరాడి చనిపోయిన వాని పేరుగల వాగుకు కాకతీయుల చెరువు నీరు చేరడం గమనించదగ్గ విశేషం.

సమ్మక్క వీరోచితంగా పోరాడుతుండగా ఒక సైనికుడు వెనుకనుండి బల్లెంతో పొడిచాడు. గాయపడిన ఆమె యుద్ధభూమికి సమీపంలోని చిలుకలగుట్ట వైపు వెళ్ళి అదృశ్యమైంది. వెతుకుతూ వెళ్ళిన కోయలకు గుట్టపై నాగవృక్షం క్రింద పుట్ట దగ్గర కుంకుమ భరిణె మాత్రమే కనిపించింది. ఆ భరిణెనే సమ్మక్కగా భావించి పూజించసాగారు.

చరిత్రకారుల దృష్టిలో

కథలోని కాలాన్ని చరిత్రతో సరిపోల్చడంలో ఒక చిక్కు ఉంది. ప్రతాపరుద్రుడు అనగానే 1289 నుండి 1323 వరకు పాలించిన చివరి కాకతీయ చక్రవర్తి గుర్తుకు వస్తాడు. కాని పొలవాస మేడరాజు అంతకు ముందు శతాబ్దానికి చెందినవాడు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనంలో కాకతి రుద్రదేవుడు ఓడించిన వారి జాబితాలో మేడరాజు పేరు ఉంది. పొలవాస నేటి జగిత్యాల దగ్గరి పొలాస గ్రామమే. రుద్రదేవుని కొందరు చరిత్రకారులు మొదటి ప్రతాపరుద్రుడని కూడా వ్యవహరిస్తారు. తాత ముత్తాతల కాలపు యుద్ధం, పేరు కలిసిన కారణంగా జనస్మృతిలో చివరి రాజు కాలానికి జరిగి ఉండవచ్చు. లేదా ఒకే పేరుగల మరొక దొర ఉండి ఉండవచ్చు. మంత్రి యుగంధరుడు చాలామంది తెలుగువారికి వేదం వేంకటరాయ శాస్త్రి ప్రతాపరుద్రీయ నాటకం (1897) ద్వారా పరిచితుడు. ఆ నాటకంలో ప్రభువును ఢిల్లీ చెరనుండి విడిపించిన మేధావి, మేడారం కథలో గూడెంపైకి సేనను నడిపినవాడు కావడం ఒకే వ్యక్తిని రెండు వైపులనుండి చూడటమే.

సమ్మక్క శాపం వల్లనే కాకతీయ సామ్రాజ్యం పతనమైందని ప్రజలు నమ్ముతారు. 1323లో ఉలుఘ్ ఖాన్ నాయకత్వంలోని ఢిల్లీ సేన ఓరుగల్లును పట్టుకోవడంతో ఆ వంశపాలన ముగిసింది.

బెల్లానికి బంగారమనే పేరు

మేడారంలో బెల్లాన్ని బెల్లమని ఎవరూ అనరు, బంగారం అంటారు. అమ్మవారికి నిలువెత్తు బంగారం మొక్కడమంటే మొక్కుకున్న మనిషిని తక్కెడలో కూర్చోబెట్టి అంత బరువు బెల్లం తూచి సమర్పించడం. కొత్తగా వినేవారికి నిలువెత్తు అంటే మనిషి పొడవు అనిపిస్తుంది. కాని తెలుగులో ఎత్తు అనే మాటకు బరువు అనే అర్థం కూడా ఉంది. తులమెత్తు, పలమెత్తు అనే వాడుకలలో ఉన్నది ఇదే. చెరకు పండని అడవి ప్రాంతంలో బెల్లం అపురూపమైన వస్తువు గనుక బంగారంతో సమానంగా చూసేవారని ఒక వివరణ చెబుతారు. కరువు వల్ల కప్పం కట్టలేక నేలకొరిగిన కుటుంబానికి భక్తులు బంగారం పేరుతో బెల్లం తూచి ఇస్తున్నారన్నది మాత్రం కాదనలేని సంగతి.

జాతరకు చాలా ముందే తెలంగాణ పట్టణాలలోని కిరాణా దుకాణాల ముందు పెద్ద తక్కెడలు వెలుస్తాయి. ఇంటిల్లిపాదీ తూగి, ఆ బెల్లాన్ని ఇరుగుపొరుగుకు కొంత పంచి, మిగతాది మేడారం తీసుకువెళతారు. బెల్లం గుడుంబా తయారీకి కూడా పనికివస్తుంది కనుక ఆబ్కారీ శాఖ దీని అమ్మకాలపై నిఘా ఉంచుతుంది. 2024 జాతర సమయంలో బెల్లం కొనేవారి ఆధార్ వివరాలు నమోదు చేయవలసిందిగా వ్యాపారులను ఆదేశించారు. గుర్తింపు కార్డు చూపి బంగారం కొనడం వేరే విషయం గాని, అందుకోసం బెల్లానికీ ఆ స్థాయి దక్కింది.

జాతర

జాతర రెండేళ్ళకు ఒకసారి మాఘ పౌర్ణమి సమయంలో, బుధవారం నుండి శనివారం వరకు నాలుగు రోజులు జరుగుతుంది. 1940 దాకా ఇది చిలుకలగుట్టపై గిరిజనులు మాత్రమే జరుపుకొనే వేడుక. జనం పెరగడంతో గుట్ట క్రింది గద్దెల వద్దకు మారింది. 1996లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించింది. నేడు వచ్చే భక్తుల సంఖ్య కోటి దాటుతుందని అధికారుల అంచనా. ఇంతమంది వచ్చినా గద్దెలపై విగ్రహాలు లేవు. అడవినుండి తెచ్చి నిలిపే వెదురు, పసుపు కుంకుమలే దేవతా రూపాలు.

బుధవారం సారలమ్మను మొంటె అనే వెదురుబుట్టలో కన్నెపల్లి నుండి తెస్తారు. ఆమెను తెచ్చే పూజారులు తమమీదుగా నడిచివెళ్తే కోరికలు నెరవేరుతాయనే నమ్మకంతో భక్తులు తడిబట్టలతో దారిలో పడుకుంటారు. దీనిని వరం పట్టడం అంటారు. గురువారం సాయంత్రం చిలుకలగుట్ట నుండి పూజారులు సమ్మక్క కుంకుమ భరిణెతో దిగివస్తుండగా జిల్లా పోలీసు అధికారి గాలిలోకి తుపాకీ కాల్చి స్వాగతం పలుకుతారు. రాజ్యం పంపిన సేనతో పోరాడిన స్త్రీకి రాజ్యం తుపాకీతో వందనం చేయడం ఈ జాతరలోని వింతలలో ముఖ్యమైనది. అదే సమయంలో భక్తులు కోళ్ళను పైకెగరవేసి ఎదురుకోళ్ళు సమర్పిస్తారు. పెళ్ళిళ్ళలో మగపెళ్ళివారికి ఎదురేగి చేసే మర్యాదను ఎదుర్కోలు అంటారు. మేడారంలో ఆ మాటకు నిజంగానే కోళ్ళు వచ్చి చేరాయి. శనివారం దేవతల వనప్రవేశంతో జాతర ముగుస్తుంది. మధ్య సంవత్సరంలో చిన్న జాతర చేస్తారు.

పేర్లు, పటాలు

మొక్కు ఫలించి పుట్టిన పిల్లలకు సమ్మయ్య, సమ్మక్క, సారయ్య, సారక్క అని పేర్లు పెట్టడం ఉత్తర తెలంగాణలో సాధారణం. వీరిలో కోయలు కానివారే ఎక్కువ. క్యాలెండర్లలో సమ్మక్కను పులిపై, సారలమ్మను జింకపై చిత్రిస్తారు. మేడారం గద్దెలపై ఎక్కడా లేని ఈ రూపాలు ఇళ్ళలో మాత్రం స్థిరపడిపోయాయి. హనుమకొండ ప్రాంతంలోని అగ్రంపహాడ్, సింగరేణి ప్రాంతంలోని గోదావరిఖని మొదలైన చోట్ల కూడా సమ్మక్క-సారక్క జాతరలు జరుగుతాయి. సమ్మక్క కథను కోయ భాషలో గానం చేసిన కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. ఆయన 2024లో మరణించారు.

తుపాకులగూడెం వద్ద గోదావరిపై నిర్మించిన బ్యారేజీకి 2020లో సమ్మక్క పేరు పెట్టారు. 2023లో పార్లమెంటు ఆమోదించిన చట్టంతో ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఏర్పడింది.