మంచుతో పయనించిన మహనీయుడు – నాన్సెన్

ఉత్తర ధ్రువ సముద్రం గురించి నేడు మనకు తెలిసిన విషయాలలో చాలావాటికి పునాది వేసినవారు నార్వే దేశస్థుడు ఫ్రిట్యోఫ్ నాన్సెన్. క్రిస్టియానియా (నేటి ఓస్లో) నగరం దగ్గర 1861 అక్టోబరు 10న జన్మించారు. తండ్రి న్యాయవాది. జంతుశాస్త్రం చదివి, బెర్గెన్ మ్యూజియంలో ఉద్యోగం చేస్తూ నాడీ మండలంపై పరిశోధించి 1888లో డాక్టరేటు పొందారు.

అదే ఏడాది ఐదుగురు సహచరులతో, కాళ్లకు స్కీలు కట్టుకుని గ్రీన్‌లాండ్ మంచు పీఠభూమిని దాటారు. జనం లేని తూర్పు తీరాన దిగి, జనం ఉన్న పడమటి తీరానికి నడిచారు. వెనక్కి తిరిగితే ఆశ్రయం లేదు కనుక ముందుకు సాగక తప్పదని ఆయన లెక్క.

1881లో సైబీరియా వైపు మంచులో నలిగి మునిగిన 'జానెట్' అనే అమెరికా ఓడ సామాన్లు మూడేళ్ల తర్వాత గ్రీన్‌లాండ్ తీరంలో దొరికాయి. అంటే ధ్రువ సముద్రం మీది మంచు కదులుతోందన్నమాట. అయితే ఓడను కావాలనే మంచులో బిగించి, దానితోపాటే పోతే సరి! పెద్దలైన ధ్రువ యాత్రికులు కొందరు ఇది ఆత్మహత్యతో సమానమన్నారు. నాన్సెన్ వెనుదీయలేదు. మంచు ఒత్తిడికి నలగకుండా పైకి లేచేలా, గుండ్రని అడుగుతో 'ఫ్రాం' అనే ఓడను కట్టించారు. 13 మందితో 1893లో బయలుదేరారు. 1895 మార్చిలో ఓడను విడిచి, యోహాన్సెన్ అనే సహచరుడితో కుక్కల బండ్లపై వెళ్లి 86 డిగ్రీల 14 నిమిషాల ఉత్తర అక్షాంశం చేరారు. అప్పటికి అంత దూరం ఎవరూ వెళ్లలేదు. తిరుగు ప్రయాణంలో రాళ్ల గుడిసెలో, ఎలుగుబంటి మాంసం తింటూ చలికాలం గడిపారు. 1896 ఆగస్టులో వారిద్దరూ, కొద్దిరోజుల తేడాతో ఓడా క్షేమంగా నార్వే చేరారు. ఒక్క ప్రాణమూ పోలేదు.

ఆ యాత్ర ఫలితాలు అమూల్యమైనవి. లోతు తక్కువనుకున్న ధ్రువ సముద్రం 3,000 మీటర్లకు పైగా లోతున్నదని, పైనున్న చల్లని నీటి కింద అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని నీటి పొర ఉన్నదని తేలింది. మంచు గాలి వీచే దిశలో కాక కాస్త కుడికి జరుగుతున్నదని గమనించి, భూభ్రమణమే కారణమని ఊహించారు. స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎక్‌మన్ దానిని గణితంతో నిరూపించారు. 2019-20లో జర్మనీ వారి 'పోలార్‌స్టెర్న్' నౌక ఈ పద్ధతిలోనే మంచులో బిగించుకుని వాతావరణ పరిశోధన జరిపింది.

మనలో చాలామంది 58వ ఏట పదవీ విరమణ చేసినవారమే. సరిగ్గా 58 ఏళ్ల వయసులో, 1920లో, నాన్సెన్ మరో బాధ్యత ఎత్తుకున్నారు. నానాజాతి సమితి తరఫున 4 లక్షలకు పైగా యుద్ధ ఖైదీలను ఇళ్లకు చేర్చారు. రష్యా కరువు బాధితులకు తిండి సమకూర్చారు. దేశమే లేకుండా పోయిన కాందిశీకుల కోసం 1922లో 'నాన్సెన్ పాస్‌పోర్టు' తెచ్చారు. 50కి పైగా దేశాలు దానిని గుర్తించాయి. ఆ ఏడాదే నోబెల్ శాంతి బహుమతి లభించగా, ఆ సొమ్మును సహాయ కార్యక్రమాలకే వెచ్చించారు.

1930 మే 13న స్వగృహంలో కన్నుమూశారు. యౌవనంలో గడించిన ఓర్పునూ అనుభవాన్నీ మలివయసులో దిక్కులేనివారికి ధారపోసిన ఆ మహనీయుని జీవితం మనవంటి విశ్రాంత ఉద్యోగులకు ఆదర్శప్రాయం.