యల్లాప్రగడ మాత్రలు మన ఇళ్లలో

బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర, గర్భిణులకు నర్సమ్మ ఇచ్చే ఫోలిక్ ఆసిడ్, కీళ్లవాతానికి ఏలూరు, తాడేపల్లిగూడెం డాక్టర్లు చీటీ మీద రాసే మెథోట్రెక్సేట్. ఈ మూడింటి వెనుకా మన పక్కనున్న భీమవరంలో పుట్టిన ఒకే మనిషి ఉన్నారంటే కొల్లేటి పల్లెల్లో చాలామంది నమ్మరు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న పుట్టిన ఈయన మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడిగారు. అది తెల్లదొర ప్రొఫెసరుకు కిట్టలేదు. ఫలితంగా ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువరకం ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. కొన్నాళ్లు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, మామగారి సాయంతోను, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతోను 1920ల ఆరంభంలో అమెరికా ఓడ ఎక్కారు. అంతకుముందే స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఆయన సోదరుణ్ణి బలిగొన్నది. ఆ రోజుల్లో దానికి మందు లేదు.

బోస్టన్‌లో పగలు చదువు, రాత్రి ఆసుపత్రిలో కూలిపని. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. కండరాలకు శక్తినిచ్చే పదార్థాల గుట్టు కూడా వీరే విప్పారు. అయినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన కొలువు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు.

అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆసిడ్‌ను తయారుచేసింది. నెత్తురు పట్టడానికి కావలసిన విటమిన్ ఇది. సోదరుణ్ణి పొట్టనబెట్టుకున్న స్ప్రూకి కూడా పనిచేసింది. రక్త క్యాన్సరున్న పిల్లలకు ఇదే ఇస్తే మాత్రం జబ్బు ముదిరింది. అలాగైతే దీని పని ఆపేదాన్ని ఇద్దామని బోస్టన్ డాక్టరు ఫార్బర్ అడగ్గా, సుబ్బారావు బృందం అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ తయారుచేసి పంపింది. 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం గుణం కనిపించినట్టు 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించారు. అప్పటిదాకా ఆ జబ్బుకు ఏ మందూ పనిచేసింది లేదు.

ఇక్కడ చదువరులు కాస్త ఆగాలి. ఫోలిక్ ఆసిడ్‌కూ మెథోట్రెక్సేట్‌కూ రూపంలో తేడా చాలా స్వల్పం. ఒకటి రక్తకణాలను పెంచుతుంది, రెండోది వాటిని ఎదగనీయదు. కీళ్లవాతానికి ఈ మాత్ర వారానికి ఒక్క రోజే వేసుకోవాలి. రోజూ వేసుకునేవారికి నోటిపుండ్లు, జ్వరం, తెల్లకణాలు పడిపోవడం, ఒక్కొక్కప్పుడు మరణం. చీటీ రాసేవారు వారం పేరు, బుధవారమనో ఆదివారమనో, స్పష్టంగా రాయాలి. ఇచ్చేవారు అదే నోటితో చెప్పాలి. గర్భిణులకు ఇది పనికిరాదు. కో-ట్రైమోక్సజోల్‌తో కలిస్తే మరీ ప్రమాదం. మధ్య మధ్య రక్తపరీక్ష తప్పదు. దీనికి తోడుగా ఇంకో రోజున ఇచ్చేది ఫోలిక్ ఆసిడే, మోతాదు మించితే విరుగుడుగా ఇచ్చే ఫోలినిక్ ఆసిడ్ కూడా ఆ జాతిదే. పల్లె కేంద్రాల్లో నర్సింగ్ చదివినవారే మందులిస్తున్న ఈ రోజుల్లో ఈ సంగతి వారికీ, పుచ్చుకునేవారికీ ఇద్దరికీ తెలిసి ఉండాలి.

బోదకాలు మందు 1947 నాటిది. రక్తంలోని బోదపురుగు పిల్లలను చంపుతుంది, అవి చచ్చేటప్పుడు జ్వరం, తలనొప్పి రావచ్చు. వాచి పోయిన కాలును మామూలు చేయలేదు. 2004 నుంచి దేశంలో సామూహికంగా మింగించినప్పుడు రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్ర జబ్బులో ఉన్నవారికి ఇవ్వవద్దన్నారు. పరగడుపున వద్దన్నారు. వయసును బట్టి ఒకటి, రెండు, మూడు మాత్రలు. చేతికిచ్చి పోకుండా ఎదుటే మింగించమన్నది, దాచుకుని పారేసేవాళ్లు ఎక్కువని తెలిసే కాబోలు.

1948లోనే ఆయన ఆధ్వర్యాన ఆరియోమైసిన్ వెలువడింది. డగ్గర్ కనుగొన్న ఈ మందే టెట్రాసైక్లిన్‌లకు మొదటిది. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఈ రకాలు ఇస్తే పళ్లు రంగు మారుతాయని తర్వాత తేలింది.

ఆ ఏడాది ఆగస్టులో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో నిద్రలోనే సుబ్బారావు కన్నుమూశారు. వయసు 53. అమెరికా పౌరుడు కాలేదు. వెళ్లిన తర్వాత ఈ దేశం తిరిగి రాలేదు. భార్య శేషగిరి ఆయనను మళ్లీ చూడలేదు.