354 మంది కవులతో జవాబు చెప్పిన సురవరం

గద్వాల ప్రాంతంలోని బోరవెల్లిలో 1896 మే 28న పుట్టిన సురవరం ప్రతాపరెడ్డి మద్రాసులో బి.ఏ. చదివి, న్యాయశాస్త్రంలో పట్టా పుచ్చుకొన్నారు. కొంతకాలం వకీలుగానూ పనిచేశారు. వకాలతు సాగించి ఉంటే నాలుగు డబ్బులు వెనకేసుకొనేవారే. కాని ఆయన మనసు పత్రిక మీద పడింది.

ఆనాటి నైజాం రాజ్యంలో కచేరీ భాష ఉర్దూ, పై చదువులు ఉర్దూ. ఇవాళ పాలమూరు పల్లెల పిల్లలు పరీక్షల శిక్షణకని అమీర్‌పేటకో, పంజగుట్టకో బస్సెక్కి పోతున్నారు. వంద ఏండ్ల కింద హైదరాబాదు వెళ్లిన కుర్రవానికి అక్కడ తెలుగు పత్రిక కనిపించడమే అరుదు. 1926 మే 10న గోలకొండ పత్రిక వెలువడింది. వారానికి రెండుసార్లు వచ్చేది. వ్యాసాలు రాయడం, ప్రూఫులు దిద్దడం చాలా మట్టుకు ప్రతాపరెడ్డిగారి చేతి మీదే సాగింది. రాసేవారు తక్కువైనప్పుడు మారుపేర్లతో తానే పుటలు నింపేవారు.

సంపాదకీయాల మీద సర్కారు ఆంక్షలు పెట్టినప్పుడు ఆయన పోట్లాటకు దిగలేదు. పెద్దల సూక్తులను సమయానికి తగినట్టు ఏరి ఆ చోటనే అచ్చు వేశారు. చదివినవారికి ఆ దెబ్బ ఎవరికి తగులుతున్నదో తెలిసిపోయేది.

తెలంగాణలో కవులు లేరని ఒక పండితుడు రాసిన మాట మాత్రం ఆయనను గట్టిగా తాకింది. తిట్టుకు తిట్టు రాసి ఊరుకోవచ్చు. ఆయన పల్లెపల్లెకూ కబురు చేసి పద్యాలు, వివరాలు తెప్పించారు. 1934లో వెలువడిన గోలకొండ కవుల సంచికలో 354 మంది కవులు కనిపించారు. ఏ పట్నంలోనూ పేరు వినపడని పల్లెటూరి కవులు కూడా అందులోకి ఎక్కారు.

1930లో జోగిపేటలో జరిగిన మొదటి ఆంధ్ర మహాసభకు ఆయనే అధ్యక్షులు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు.

1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆయన పేరును నిలిపిన గ్రంథం. రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి, మన తాత ముత్తాతలు ఏమి తిన్నారు, ఏమి కట్టుకొన్నారు, ఏ ఆటలు ఆడారు అన్నది పాత కావ్యాల నుంచి వెదికి తీశారు. ఇటువంటి పనికి ఓపిక కావాలి, పల్లె బతుకు తెలిసి ఉండాలి. ఆయనకు రెండూ ఉన్నాయి.

తెలుగుకు మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి 1955లో ఈ గ్రంథానికే వచ్చింది. అందుకోవడానికి ఆయన లేరు. 1953 ఆగస్టు 25న, 57 ఏండ్ల వయసులో కన్నుమూశారు.