గుంటూరు డాక్టరమ్మ

విశ్వాసం గుడి గడప దాటకపోతే పొరుగింటి రోగికి దానివల్ల మేలేమిటి?

1887లో ఆస్ట్రేలియాలో పుట్టిన మేరీ గ్లోరీగారు 1910లో మెల్బోర్నులో వైద్యపట్టా పొందారు. ప్రాక్టీసు వదులుకొని 1920లో గుంటూరు చేరి, జె.యం.జె. సభలో ప్రవేశించారు. ఆనాడు మఠకన్యలు వైద్యం చేయడానికి శ్రీసభ నియమాలు ఒప్పుకునేవి కావు. జగద్గురువులు 15వ బెనెడిక్టుగారు ఆమెకు ప్రత్యేక అనుమతినిచ్చారు. మగ డాక్టరుకు చూపించుకోవడానికి జంకే తల్లులకు, పసిబిడ్డలకు ఆమె దిక్కయ్యారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. 1957లో బెంగుళూరులో కన్నుమూశారు. 2013లో శ్రీసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది.

మనమందరం వైద్యులం కాలేము. కాని పాలంపేటలో మంచానపడిన పొరుగువానికి తోడుగా ములుగు ఆసుపత్రిదాకా వెళ్లగలం. ఆదివారం పూజ ఆ దారిలోనే కొనసాగుతుంది.